రెండు గాజుగొట్టాల ఎడం

జాన్ బాషా ఎయిర్ కూలర్లు చేస్తాడు. రేకు తానే కత్తిరిస్తాడు, తానే వంచుతాడు, గడ్డి మెత్తలు తానే కుడతాడు. ఆయన చేసిన కూలర్ మోత పెట్టదు, కింద నీళ్లు కారవు. అయినా చీరాలలో మా నేతపేటలో ఆ పనితో ఆయన్ని ఎవరూ గుర్తుపట్టరు. వాతావరణం బాషా అంటారు.

పేటలోకి తిరిగే మలుపులో రసూల్‌బీ టీకొట్టు ఉంది. వేసవిలో పొద్దున్నే బాషా అక్కడికి వస్తే చాలు, ఎవరో ఒకరు మొదలుపెట్టేవారు.

"ఏం బాషా, ఇయ్యాల కువైట్లో ఎంత కాస్తుంది?"

"మజ్జానానికి నలభై తొమ్మిది దాటుద్ది."

"మన రెంటచింతల్లో?"

"నలభై అయిదు."

"మరి మా ఇంట్లో?"

"మీ ఇంట్లో ఎండ మీ ఆవిడ చేతిలో ఉంటది. అది నాకందదు."

అందరూ నవ్వేవారు. రసూల్‌బీ గ్లాసులు కడుగుతూ, "ఊళ్లన్నీ తిప్పుతావు గానీ, వాన ఎప్పుడొచ్చిద్దో ఒక్కసారన్నా చెప్పావా? బట్టలారేసుకోవాల మేము" అనేది.

"వాన సంగతి నాకు తెలవదక్కా. ఎండ గురించి అడుగు."

నేను మగ్గాలు చేసే వడ్రంగిని. మాట ఎక్కువైన మనిషి చేతిలో పని తక్కువ ఉంటుందని నా అనుభవం. బాషా విషయంలో ఆ లెక్క కుదరలేదు.

ఆయన పుట్టింది దర్శిలో. వాళ్లమ్మ మిర్చి కల్లాల్లో కూలికి పోయేది. కాయ ఎండిందో లేదో చూడటం బాషా ఆ కల్లం మీదే నేర్చుకున్నాడు. కాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమనాలి. పైకి ఎర్రగా ఎండినట్టు కనిపించినా గింజ పలకకపోతే లోపల తడి ఉన్నట్టే. అది బస్తాలో బూజు పడుతుంది. దర్శిలో వేసవి అంటే అంతే, తడిని పీల్చేసే ఎండ. అక్కడ తడిగోనె గుమ్మానికి కట్టుకుంటే గది చల్లబడుతుంది, కూలర్ పెట్టుకుంటే కప్పుకోవడానికి దుప్పటి కావాలి.

మౌలాబీని పెళ్లి చేసుకుని చీరాల వచ్చి, అదే రేకుతో, అదే గడ్డితో, అదే మోటారుతో కూలర్లు చేసి అమ్మాడు. మొదటి వేసవిలోనే అవి ఒకదాని వెనుక ఒకటి తిరిగొచ్చాయి. ఒకావిడ రిక్షాలో వేసుకొచ్చి కొట్టు ముందు దించి, "నీ కూలర్ పెట్టినకాడినించి డబ్బాలో అప్పడాలు మెత్తబడిపోయినయ్, మంచం మీద దుప్పటి జిడ్డుగారుతుంది. నువ్వే పడుకో దీని ముందు" అని వెళ్లిపోయింది.

పనివాడికి అంతకంటే అవమానం లేదు. బాషా ఆ కూలర్‌ని ముక్కముక్కలుగా విప్పాడు. తప్పు ఎక్కడా లేదు. పని బాగానే ఉంది, ఊరే వేరు, సముద్రం పక్కది. అప్పుడు మొదలైంది ఆయనకు ఈ పిచ్చి. ఎవరూ నేర్పలేదు. ఫోన్లో చూశాడు, అర్థం కానిది పదిసార్లు చూశాడు. చివరికి మందుల షాపులో దొరికే జ్వరం ధర్మామీటరు కాకుండా, ఒంగోలు దాకా పోయి గోడకి తగిలించే ధర్మామీటర్లు రెండు తెచ్చాడు. ఒకదాన్ని వట్టిగా వదిలాడు. రెండోదాని గుండుకి నూలు పోగులు చుట్టి, వాటి కొస చిన్న సీసాలో నీళ్లలో ముంచాడు. గాలి పొడిగా ఉంటే నూలులో నీరు గబగబా ఆరుతుంది, ఆ గొట్టం బాగా చల్లబడి కిందికి దిగుతుంది. గాలిలో తడి ఎక్కువైతే నీరు ఆరదు, రెండు గొట్టాలూ ఇంచుమించు ఒకటే చూపిస్తాయి. ఆ రెండింటి మధ్య ఎడమే అసలు సంగతి అంటాడు ఆయన.

వాటికి పెట్టె నేను చేసిచ్చాను. గాలి ఆడాలి, ఎండ తగలకూడదు అన్నాడు. పక్కలకి ఏటవాలు పలకలు వరసగా దిగ్గొట్టి, తెల్ల రంగు వేశాను. బాషా లోపల చెయ్యి పెట్టి చూసి, పైపలక ఇంకొంచెం ముందుకు రావాలన్నాడు. నిజమే, రావాల్సిందే.

టీకొట్టు దగ్గర ఆయన చెప్పేది వినే ఓపిక ఉంటే ఇది: డిగ్రీ ఒక్కటే చెప్తే సగం సంగతి చెప్పినట్టు. ఎడారిలో యాభై డిగ్రీల్లో నీడన కూర్చుని నీళ్లు తాగే మనిషి బతుకుతాడు. అదే ఎడారి అంచున సముద్రపొడ్డు ఊళ్లో నలభై రెండుకే ప్రాణం మీదికొస్తుంది. పాకిస్తాన్‌లో జాకోబాబాద్ అని ఒక ఊరుంది, అక్కడ కాల్చే ఎండా ఉడికించే తడీ రెండూ కలిసి దిగుతాయి. సింగపూర్‌లో ఏడాదంతా చెమటే, కానీ ఎండ అంత పైకి పోదు గనక నెట్టుకొస్తారు. యూరప్‌లో ఇళ్లు వేడి బయటికి పోకుండా కట్టుకున్నారు, అందుకని మనం మామూలు వేసవి అనుకునే ఎండకే అక్కడ ముసలివాళ్లు గదుల్లో చచ్చిపోతారు. కెనడాలో కొండల మధ్య ఒక చిన్న ఊళ్లో రెంటచింతలను మించి కాసింది, మర్నాడు ఆ ఊరే కాలిపోయింది.

"మరి మనమో?" అని ఎవరో అడిగారు ఒకసారి.

"దర్శి పెనం. చీరాల ఇడ్లీ పాత్ర. పెనం మీద నించి పక్కకి దూకొచ్చు. పాత్రకి మూత ఉంటది."

బాషా కొట్టుకు ఆనుకునే యలమందయ్య మగ్గం షెడ్డు. గుంట మగ్గం. గుంటలో కాళ్లు దించి, నేలమట్టంగా కూర్చుని నేస్తాడు. ఆ మగ్గం నేను చేసిందే. సన్న నూలు చీరల్లో ఆయన చెయ్యి చూసినవాడు ఇంకొకరి చీర పట్టుకోడు. బాషా ధర్మామీటరుకి చుట్టిన నూలు కూడా యలమందయ్య ఇచ్చినదే. "మంచి పోగు చుట్టు, అబద్ధం చెప్పదు" అని ఏరి ఇచ్చాడు. బాషా ఆయన్ని మామా అనేవాడు.

సన్న నూలుకి పొడిగాలి పడదు. పడమటి గాలి తిరిగిందంటే పడుగు పోగులు ఎండి పటుక్కున తెగుతాయి. అందుకని వేసవిలో యలమందయ్య కిటికీలు మూసి, నేలంతా నీళ్లు చల్లి, గుమ్మానికి తడిగోనెలు కట్టి, ఆ చీకట్లో కూర్చుంటాడు. ఫ్యాన్ ఉండదు. పైన రేకులు కాలుతుంటాయి, కింద నేల ఆవిరి కక్కుతుంటుంది.

ఇది చూసి బాషాకి కాలు నిలిచేది కాదు.

"ఫ్యానన్నా వేసుకో మామా."

"ఫ్యాన్ గాలికి పోగు తెగుద్ది. తెగిన ప్రతి పోగూ ముడెయ్యాల. కట్టుకున్నామెకి ఆ ముడి తెలవకపోవచ్చు, నాకు తెలుసు గదా."

"నూలు బతకాలంటే తడి కావాల. నువ్వు బతకాలంటే ఆరిన గాలి కావాల. ఇద్దరూ ఒక గదిలో ఎట్టా ఉంటారు?"

"చిన్నప్పట్నించి ఉంటన్నాంగా."

"చిన్నప్పుడు ఎండ ఇట్టా లేదు మామా."

"అప్పుడు నువ్వూ లేవులే ఇట్టా చెవిలో జోరీగలా" అని యలమందయ్య భార్య నాంచారమ్మ కండెలు చుడుతూ నవ్వేది.

ఒక సాయంత్రం షెడ్డు అరుగు మీద కూర్చుని బాషా క్విటో అనే ఊరి గురించి చెప్పాడు. భూమి నడుం చుట్టూ గీత గీస్తే అది ఆ ఊరి పక్కనుంచే పోతుందట. సూర్యుడు నడినెత్తిన కాస్తాడు. అయినా కొండల మీద అంత ఎత్తున ఉండటం వల్ల ఏడాదంతా మన పుష్యమాసం పొద్దులాగే ఉంటుందట, మే నెలలో కూడా స్వెట్టర్లు వేసుకుంటారట. ఆ ఊరు చెప్పేటప్పుడు బాషా గొంతు మారేది. ఎప్పటికీ పోడని ఆయనకీ తెలుసు. అలాంటి చోటు ఒకటి ఉందని తెలిసి ఉండటమే ఆయనకి కావలసింది.

యలమందయ్య అంతా విని ఒక్క మాట అడిగాడు. "అక్కడ మగ్గాలుండయ్యా?"

బాషా ఫోన్లో వెతికాడు. "దగ్గర్లోనే ఉండయి మామా. ఊరు ఊరంతా నేతగాళ్లే. కాకపోతే నూలు గాదు, ఉన్ని."

"ఉన్నికి తడి అక్కర్లేదా?"

బాషాకి తెలియదు. అదే మొదటిసారి, ఆయన ఏదో ఒక దేశం గురించి తెలియదనడం.

నిరుడు వేసవికి ముందే బాషా ఇంకో జత ధర్మామీటర్లు తెచ్చి షెడ్డు లోపల, యలమందయ్య కూర్చుంటే కళ్లకు ఎదురుగా, గోడకి తగిలించాడు. చదువక్కర్లేకుండా అర్థమయ్యేలా చెప్పాడు.

"రెండు ఎర్రగీతల మజ్జ నాలుగు వేళ్లు పడితే పర్లేదు. రెండు వేళ్లకి వస్తే బయటికొచ్చి కాసేపు కూచో. ఏలెడు ఎడం కూడా లేకపోతే, పై గీత బాగా ఎక్కి ఉంటే, చేతిలో నాడె ఎక్కడిదక్కడ ఒదిలేసి లేచి రా. వస్తావా?"

"వస్తాలే."

కొన్నాళ్లు గడిచాయి. యలమందయ్య ఆ గొట్టాల వంక తెగ చూస్తున్నాడని నాంచారమ్మ చెబితే బాషా పొంగిపోయాడు. ప్రపంచంలో ఒక్క మనిషి తన మాట విన్నాడు, చాలన్నాడు.

తరువాత ఒక పొద్దున రసూల్‌బీ కొట్టు దగ్గర యలమందయ్య పక్కవీధి నేతగాడితో మాట్లాడుతున్నాడు. మేము అక్కడే ఉన్నాం.

"మా బాషా పెట్టిన గొట్టాలు చూశావా? అంత పనికొచ్చే సామాను ఇంకోటి లేదయ్యా. ఇంతకు ముందు పోగు తెగినాక తెలిసేది తడి చాల్లేదని. ఇప్పుడు ముందే చెబుద్ది. గీతలు దూరమైతే నీళ్లు చల్లు, గోనెలు తడుపు. రెండూ దగ్గరికొచ్చినయ్యా, ఇంక లేవబాక. పోగు తెగదు. వెన్నలా నడుస్తది మగ్గం."

బాషా గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"మామా, అది నిన్ను లేచి రమ్మని చెప్పే గుర్తు."

"నీకట్టా చెబుతుందేమో. నాకు కూచోమని చెబుతుంది."

"అప్పుడు చెమట ఆరదు మామా. చెమట ఆరకపోతే ఒంట్లో వేడి ఒంట్లోనే నిలబడుద్ది."

"తువ్వాలుందిగా, తుడుచుకుంటా."

నవ్వారు అందరూ. బాషా నవ్వలేదు. "నేను నీ ప్రాణానికి పెట్టానయ్యా దాన్ని, నూలుకి గాదు" అని అరిచాడు. ఆయన అరవడం నేను అంతకు ముందు వినలేదు.

యలమందయ్య ఏమీ నొచ్చుకోలేదు. నా వంక చూపించి, "ఆచారి ఉలి ఇస్తే, తలుపుకిచ్చావా మంచానికిచ్చావా అని అడుగుతామా? కొలత కొలతే బాషా. నువ్వు మంచి కొలత ఇచ్చావు" అన్నాడు.

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో యలమందయ్య మాటే నాకు సబబుగా తోచింది. పనిముట్టు పట్టినవాడిది.

బాషా ఆ రోజే షెడ్డులోకి పోయి ధర్మామీటర్లు తీసెయ్యబోయాడు. నాంచారమ్మ అడ్డుపడింది. "ఉంచు నాయనా. అది చూసి కూచుంటన్నకాడినించి పోగులు తెగక ఆయన తిట్టడం తగ్గింది. ఇల్లు నెమ్మదిగా ఉంది." ఆమె మొహం చూసి బాషా చెయ్యి దించేశాడు. రోజూ మధ్యాహ్నం తానే వచ్చి లేపుతానన్నాడు, అలాగే వచ్చేవాడు. యలమందయ్య తిడుతూ లేచేవాడు, అరుగు మీద కాసేపు కూర్చుని మజ్జిగ తాగి మళ్లీ లోపలికి పోయేవాడు. తన తెలివి వల్ల కాకపోయినా తన కాళ్ల వల్ల మామ ఆ వేసవి దాటేస్తాడనుకున్నాడు బాషా.

రోహిణిలో ఒక రోజు గాలి పూర్తిగా ఆగిపోయింది. పడమటి గాలి లేదు, సముద్రపు గాలి వచ్చీ రానట్టు వచ్చి తడి మాత్రం వదిలి పోయింది. ఆకు కదల్లేదు. పొద్దున్నే బాషాని ఒక ఇంటివాళ్లు తీసుకుపోయారు, వేటపాలెం అవతల. వాళ్లింట్లో పక్షవాతం మనిషి ఉన్నాడు, కూలర్ మోటారు కాలిపోయింది. పోనంటే కుదిరే పని కాదు. పోతూ మౌలాబీకి చెప్పాడు, మధ్యాహ్నం మామను లేపమని.

మౌలాబీ లేపుదామనే షెడ్డు గోడ దగ్గరకి వచ్చింది. మగ్గం చప్పుడు ఆగకుండా వస్తోంది. మామూలుగా పోగు తెగినప్పుడల్లా మగ్గం ఆగుతుంది, ముడేశాక మళ్లీ మొదలవుతుంది. అది ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టే మా పేటలో ఆడవాళ్లు గోడవతల నుంచే చెప్పేస్తారు, ఈ రోజు మగ్గం సరిగా ఆడుతోందో లేదో. ఆ రోజు ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంత బాగా నడిచేటప్పుడు లేపితే తిడతాడు, చీర కొసకి వచ్చినట్టుంది, అయిపోనిద్దాం అనుకుంది ఆమె. నాంచారమ్మ నీళ్ల ట్యాంకరు దగ్గర వరుసలో ఉంది. కాసేపటికి మగ్గం ఆగింది. చీర అయిపోయిందనుకుంది మౌలాబీ, ఇంట్లోకి పోయింది.

బాషా తిరిగొచ్చేసరికి నేను ఆయన కొట్టు ముందే ఉన్నాను, పెట్టె పలక ఒకటి ఊడితే బిగిద్దామని. ఆయన సైకిల్ దిగుతూనే పెట్టెలోకి చూశాడు, రెండు గీతలూ దాదాపు కలిసిపోయి ఉన్నాయి. తరువాత షెడ్డు వైపు చూశాడు. చప్పుడు లేదు. సైకిల్ పడేసి పరుగెత్తాడు.

యలమందయ్య నేసిన గుడ్డ మీద తల వాల్చి ఉన్నాడు. కాళ్లు గుంటలోనే ఉన్నాయి. ఒళ్లు ముట్టుకుంటే కాలింది. నేనూ బాషా కలిసి గుంటలోనుంచి లాగి, అరుగు మీద పడుకోబెట్టి, పంచె తడిపి కప్పాం. బాషా అట్టముక్క పట్టుకుని విసరడం మొదలుపెట్టాడు. చేతులు పీకేదాకా విసిరాడు. మధ్యలో పంచె మీద చెయ్యి పెట్టి చూసి నా వంక తిరిగాడు.

"ఆరడంల్లేదు ఆచారీ. తడి ఆరడంల్లేదు."

ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెచ్చి, చంకల్లో గజ్జల్లో ముక్కలు పెట్టి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఐసు పెట్టమన్నది బాషానే. దాని వల్లే ప్రాణం నిలిచిందని డాక్టరు అన్నాడు.

ప్రాణం నిలిచింది. చేతులు నిలవలేదు. యలమందయ్య ఇప్పుడు అరుగు మీద కూర్చుంటాడు. మజ్జిగ గ్లాసు నోటి దాకా పోయేసరికి సగం పంచె మీద పడుతుంది. మాట ముద్దగా వస్తుంది. వేడి మెదడులో ఏదో కాల్చేసింది, అది మళ్లీ రాదన్నారు. మగ్గం మీద ఉన్న ఆ చీరకి చివర జానెడు మిగిలిపోయింది. ఎక్కడా ముడి లేదు. నేను వేలితో తడిమి చూశాను.

టీకొట్టు దగ్గర తరువాత కూడా అడిగారు, "ఏం బాషా, కువైట్లో ఎంత?" అని. "చూళ్లేదు" అనేవాడు. రసూల్‌బీ ఒకసారి కావాలనే కదిలించింది. "ఆ చల్లటి ఊరేదో చెప్పేవాడివే, కొండల మీద..."

"ఉంటదక్కా. దాని పాటికది ఉంటది. మనకేం?"

యలమందయ్య మాత్రం ఒకటి రెండుసార్లు బాషాని చేత్తో పిలిచి, "ఉన్ని... తడి..." అని అడిగాడు. బాషా ఆయన మూతి తుడిచి, కనుక్కుంటా మామా అన్నాడు. కనుక్కున్నాడో లేదో నాకు తెలియదు.

ఈ వేసవి మొదట్లో నాంచారమ్మ నాకు కబురు పెట్టింది. గుంటలో తొక్కుడు చెక్కలు తన కాళ్లకి అందడం లేదు, పైకి ఎత్తి బిగించమంది. కొత్త పడుగు ఎక్కించింది. ఆమె నేత ఆయనంత సన్నం కాదు గానీ చెయ్యి తిరిగినదే. ఇంకో దారి ఏముందని నేనూ అడగలేదు. గుంటలోకి దిగి చెక్కలు ఎత్తి, కిందా మీదా తొక్కించి చూసి బిగించాను.

నేను పని చేస్తుండగానే బాషా వచ్చాడు. గోడ మీద గొట్టాల వైపు నడిచాడు. నాంచారమ్మ తలెత్తకుండానే అంది:

"తీసుకుపోతావా? తీసుకుపో నాయనా. పోగు మీద చెయ్యేస్తే నాకు తెలవదా ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూచోవాలో."

"నీకు తెలిసేది నూలు సంగతి అత్తా."

"నాకు కావాల్సిందీ అదే."

బాషా గొట్టాల కిందికి వంగి చూశాడు. సీసాలో నీళ్లు ఎండిపోయి ఉన్నాయి. బయటికి పోయి నీళ్లు తెచ్చి పోశాడు, పాత నూలు విప్పి కొత్తది చుట్టాడు. వెళ్తూ గుమ్మానికున్న తడిగోనె పక్కకి తొలగించాడు. ఆయన మెట్టు దిగేలోపే నాంచారమ్మ లేచి దాన్ని మళ్లీ సరిచేసింది. తలుపు వేసుకుంది. మగ్గం మొదలైంది.

అరుగు మీద యలమందయ్య తల ఊపుతున్నాడు, చప్పుడు వింటూ. పోగు తెగడం లేదు. ఆయన మొహంలో సంతోషం కనిపించింది.

ఆ మర్నాడే బాషా తన కూలర్ల పని కొట్టు లోపలి నుంచి షెడ్డు గోడ పక్కకి మార్చుకున్నాడు. అక్కడ నీడ లేదు. రేకు కొట్టేటప్పుడు మధ్యమధ్య సుత్తి గాల్లో ఆపి వింటాడు. మగ్గం ఆగితే తలుపు తోసుకుని పోతాడు. పోగు ముడేస్తున్న నాంచారమ్మ తిట్టి పంపేస్తుంది. ఆగకుండా నడుస్తుంటే, లోపల గీతలు దగ్గరపడ్డాయని, సుత్తి కింద పెట్టి కూర్చుంటాడు.